వీపీఎన్ కలిసినా ఆఫీసు సర్వర్ పేరు దొరకకపోతే: డయల్-ఇన్ కంప్యూటర్లలో నేమ్ రిజల్యూషన్ ఎలా సరిచేయాలి

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో, ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ ‘కనెక్టెడ్’ అని చూపిస్తుంది. సర్వర్ ఐపీ అడ్రస్‌కు పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే కమాండ్) ఇస్తే జవాబు కూడా వస్తుంది. కానీ రన్ పెట్టెలో సర్వర్ పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే, కాసేపు ఆగి, నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటూ 0x80070035 ఎర్రర్ వస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది వీపీఎన్‌ను తీసేసి మళ్ళీ పెట్టడం, ఫైర్‌వాల్ ఆపేయడం, చివరికి విండోస్‌ను కొత్తగా ఎక్కించడం వరకూ వెళతారు. వాటిలో దేని అవసరమూ ఉండదు. పేరును బట్టి ఐపీ అడ్రస్ కనుక్కోవడాన్నే నేమ్ రిజల్యూషన్ అంటారు, లోపం అందులోనే ఉంటుంది. ఆ పేరు గురించి కంప్యూటర్ ఎవరిని అడిగింది, వారు ఏమని చెప్పారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. కింది మెట్లన్నీ ఆ రెండు జవాబులు రాబట్టడానికే.

విండోస్ సర్వర్‌లోని రూటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్ సర్వీసు బయటి కంప్యూటర్ల కాల్స్ అందుకునే ఆఫీసును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మోడెమ్‌లు పోయి వీపీఎన్ వచ్చినా లోపలి పద్ధతి పెద్దగా మారలేదు. పీపీటీపీ, ఎల్2టీపీ, ఎస్ఎస్‌టీపీ అనే మూడు రకాల వీపీఎన్‌లలోనూ నడిచేది, మోడెమ్‌ల కాలంలో రెండు యంత్రాలను నేరుగా కలిపిన ఆ పాత పీపీపీ పద్ధతే. ఆఫీసు యూజర్ల, కంప్యూటర్ల చిట్టా అయిన యాక్టివ్ డైరెక్టరీలో యూజర్ ప్రాపర్టీస్ తెరిస్తే, వీపీఎన్‌కు అనుమతి ఇచ్చే ట్యాబ్ పేరు ఇప్పటికీ ‘డయల్-ఇన్’ అనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ డయల్-ఇన్ కంప్యూటర్ అంటే మోడెమ్‌తో వచ్చినదైనా, వీపీఎన్‌తో వచ్చినదైనా ఒకటే.

ఉదాహరణకు ఒక ఆడిటర్ ఆఫీసును తీసుకుందాం. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.20.0. లాగిన్‌లు చూసే డొమైన్ కంట్రోలర్, పేరు అడిగితే ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ రెండూ 192.168.20.5లో, కాల్స్ అందుకునే రిమోట్ యాక్సెస్ సర్వర్ 192.168.20.6లో, ట్యాలీ డేటా ఉన్న ‘సర్వర్1’ 192.168.20.10లో ఉన్నాయి. డొమైన్ పేరు ‘ఆఫీస్.ఇంటర్నల్’. కమాండ్లను తెలుగు లిపిలో పలికినట్లే రాశాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

మొదటి మెట్టు: లోపం పేరులోనా, దారిలోనా?

వీపీఎన్ కలిపి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, వరసగా మూడు పింగ్‌లు ఇవ్వండి. మొదటిది 192.168.20.10కి, రెండవది సర్వర్1.ఆఫీస్.ఇంటర్నల్ అన్న పూర్తి పేరుకు, మూడవది ఉత్త సర్వర్1కు. పింగ్ మొదటి వరసలో పేరు పక్కనే చదరపు బ్రాకెట్లలో ఒక ఐపీ అడ్రస్ వస్తుంది. మీరు చూడవలసింది దాన్నే. ఆ అడ్రస్ సరైనదై, కింద నాలుగు సార్లు ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వచ్చినా, పేరు దొరికినట్లే. అప్పుడు లోపం దారిలోనో ఫైర్‌వాల్‌లోనో ఉంటుంది, ఈ వ్యాసంతో మీకు పని లేదు. పింగ్‌ను అడ్డుకునే సర్వర్లు ఉంటాయి కాబట్టి దారి సంగతి తేల్చుకోవడానికి పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టును పరీక్షించడం మేలు.

ఐపీ పనిచేసి రెండు పేర్లూ విఫలమైతే, కంప్యూటర్ తప్పు డీఎన్ఎస్‌ను అడుగుతోందని అనుమానించండి. పూర్తి పేరు పనిచేసి పొట్టి పేరు మాత్రం విఫలమైతే సఫిక్స్ (పొట్టి పేరు చివర చేర్చే డొమైన్ పేరు) లోపం. పొట్టి పేరు పనిచేసి పూర్తి పేరు విఫలమవడం అరుదు. అలా జరిగితే నెట్‌బయాస్ అనే పాత పేర్ల పద్ధతి వల్లనో, కంప్యూటర్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసి ఉంచే హోస్ట్స్ ఫైలు వల్లనో పొట్టి పేరు దొరుకుతోందని, డీఎన్ఎస్ అసలు పనిచేయడం లేదని అర్థం. పేరు దొరికినా అది మరేదో అడ్రస్ చూపిస్తే, పాత రికార్డు గురించి చివర్లో రాసిన భాగం చూడండి. ఇంటర్నెట్ కంపెనీల డీఎన్ఎస్‌లలో కొన్ని, లేని పేరుకు కూడా తమ వెతుకులాట పేజీ అడ్రస్‌ను జవాబుగా ఇస్తాయి. 192.168తో మొదలుకావలసిన చోట బయటి పబ్లిక్ అడ్రస్ కనిపిస్తే ప్రశ్న ఆఫీసుకు చేరకుండా బయటే ఆగిపోయిందన్నమాట.

రెండవ మెట్టు: ల్యాప్‌టాప్ చేతికి ఏ డీఎన్ఎస్ అందింది?

వీపీఎన్ కలిసి ఉండగానే ఐపీకాన్ఫిగ్ /ఆల్ ఇవ్వండి. కాల్ వదిలేశాక ఇస్తే ఉపయోగం లేదు, పీపీపీ అడాప్టర్ ఆ జాబితాలో కనిపించదు. వీపీఎన్‌కు మీరు పెట్టిన పేరుతోనే ఒక పీపీపీ అడాప్టర్ కనిపిస్తుంది. దాని సబ్‌నెట్ మాస్క్ 255.255.255.255 అని ఉంటుంది, గేట్‌వే ఖాళీగానో 0.0.0.0గానో ఉంటుంది. ఈ రెండింటినీ చూసి కంగారు పడనక్కరలేదు, పీపీపీకి అవి సహజమే. ‘డీఎన్ఎస్ సర్వర్స్’ అన్న వరసలో 192.168.20.5 ఉందా లేదా అన్నది చూడండి. ఉంటే నాలుగవ మెట్టుకు వెళ్ళండి. ఆ వరస లేకపోయినా, అందులో రూటర్ అడ్రస్ గానీ 8.8.8.8 లాంటి బయటి అడ్రస్ గానీ ఉన్నా, ల్యాప్‌టాప్ వీపీఎన్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌ను చేత్తో రాసి ఉంటే తప్ప, అక్కడ సరిచేయవలసింది ఏమీ లేదు. లోపం ఆఫీసులో ఉంది.

మూడవ మెట్టు: ఆ అడ్రస్ ఎక్కడి నుంచి వస్తుంది?

అనుభవం ఉన్నవారు కూడా పొరబడేది ఇక్కడే. ఆఫీసులో కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఉంది, అందులో డీఎన్ఎస్ అడ్రస్ సరిగానే రాసి ఉంది, లోపల కూర్చున్న కంప్యూటర్లకు అది చక్కగా అందుతోంది, కాబట్టి డయల్-ఇన్ కంప్యూటర్‌కూ అదే అందాలి కదా అనుకుంటారు. అందదు. రిమోట్ యాక్సెస్ సర్వర్ డీహెచ్‌సీపీ నుంచి ఒకేసారి 10 అడ్రస్‌ల చొప్పున తీసుకుని, ఒకటి తన దగ్గర ఉంచుకుని, మిగిలినవి కాల్ చేసినవారికి పంచుతుంది. కానీ అది తీసుకునేది అడ్రస్‌లను మాత్రమే. డీఎన్ఎస్, విన్స్ (నెట్‌బయాస్ పేర్లకు అడ్రస్ చెప్పేది) సర్వర్ల అడ్రస్‌లను డీహెచ్‌సీపీ స్కోప్ (అది పంచే అడ్రస్‌లు, వాటితో ఇచ్చే వివరాలు) నుంచి కాక, తన సొంత నెట్‌వర్క్ కార్డులో రాసి ఉన్న అడ్రస్‌ల నుంచి తీసుకుని పీపీపీ సంభాషణ నడిచేటప్పుడే అవతలివారికి ఇస్తుంది. అడ్రస్‌లను డీహెచ్‌సీపీ నుంచి కాకుండా స్టాటిక్ పూల్ (సర్వర్‌లో చేత్తో రాసిన అడ్రస్‌ల శ్రేణి) నుంచి ఇస్తున్నా ఇదే పద్ధతి.

అందువల్ల మీరు ఐపీకాన్ఫిగ్ /ఆల్ ఇవ్వవలసిన రెండవ చోటు రిమోట్ యాక్సెస్ సర్వరే. దానికి ఒకే కార్డు ఉంటే అందులో డీఎన్ఎస్‌గా 192.168.20.5 మాత్రమే రాయండి. రెండు కార్డులు ఉంటే, అంటే ఒకటి ఇంటర్నెట్ వైపు, ఇంకొకటి ఆఫీసు వైపు ఉంటే, ఏ కార్డులోని డీఎన్ఎస్‌ను పంచాలో సర్వర్ తనంతట తాను ఎంచుకుంటుంది. అది బయటి కార్డును ఎంచుకున్న రోజున కాల్ చేసిన ప్రతివారికీ ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ అందుతుంది. నిన్నటిదాకా పనిచేసినది సర్వర్ రీస్టార్ట్ తర్వాత ఆగిపోయిందంటే ముందుగా ఇదే చూడండి. రూటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్ కన్సోల్‌లో సర్వర్ పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 ట్యాబ్ తెరిస్తే, అడుగున అడాప్టర్ ఎంచుకునే పెట్టె ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్‌గా వదిలేయకుండా ఆఫీసు వైపు కార్డును ఎంచుకోండి. బయటి కార్డులో డీఎన్ఎస్ గడిని ఖాళీగా ఉంచండి. ఆ తర్వాత సర్వీసును రీస్టార్ట్ చేయాలి. దానితో కలిసి ఉన్న కాల్స్ అన్నీ తెగిపోతాయి కాబట్టి ఈ పని సాయంత్రం అందరూ వెళ్ళాక పెట్టుకోండి, లేదంటే జీఎస్టీ రిటర్నుల గడువు రోజున మీరే మాట పడవలసి వస్తుంది.

ఇక డీహెచ్‌సీపీలోని ఆప్షన్లు డయల్-ఇన్ కంప్యూటర్‌కు చేరే దారి అసలు లేదా అంటే, ఒకటుంది. పీపీపీ కలిశాక విండోస్ కంప్యూటర్ ‘డీహెచ్‌సీపీ ఇన్‌ఫార్మ్’ అనే సందేశం పంపి మిగిలిన వివరాలు అడుగుతుంది. ఆ సందేశం డీహెచ్‌సీపీ సర్వర్‌కు చేరాలంటే, రిమోట్ యాక్సెస్ సర్వర్‌లో డీహెచ్‌సీపీ రిలే ఏజెంట్ పెట్టి, దానికి ‘ఇంటర్నల్’ అనే ఇంటర్‌ఫేస్‌ను జోడించి, డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్ రాయాలి. ఏజెంట్ ఉంది గానీ ఇంటర్నల్ ఇంటర్‌ఫేస్‌ను జోడించడం మరిచిపోయిన సర్వర్లు ఎన్నో కనిపిస్తాయి. రిలే పెట్టినా, కార్డులో రాసిన డీఎన్ఎస్, స్కోప్‌లో రాసిన డీఎన్ఎస్ రెండూ ఒకటే అయ్యేలా చూసుకోండి. అప్పుడు ఏది దేన్ని తోసేసిందన్న ప్రశ్నే రాదు.

నాలుగవ మెట్టు: పూర్తి పేరు వస్తోంది, పొట్టి పేరు రావడం లేదు

డీఎన్ఎస్‌కు ఉత్త ‘సర్వర్1’ అంటే అర్థం కాదు. ల్యాప్‌టాప్ దాని చివర ‘ఆఫీస్.ఇంటర్నల్’ చేర్చి అడగాలి. డొమైన్‌లో చేరిన ల్యాప్‌టాప్‌కు ఆ సఫిక్స్ ముందే తెలుసు. ఉద్యోగి సొంతంగా కొనుక్కున్న ల్యాప్‌టాప్‌కు తెలియదు. అందుకే ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో పనిచేసేది సొంత ల్యాప్‌టాప్‌లలో పనిచేయదు. పై రిలే ఏజెంట్ ద్వారా డీహెచ్‌సీపీ 15వ ఆప్షన్‌లో డొమైన్ పేరు పంపితే అందరికీ ఒకేసారి అందుతుంది. అది కుదరకపోతే ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ కనెక్షన్ ప్రాపర్టీస్, ఐపీవీ4, అడ్వాన్స్‌డ్, డీఎన్ఎస్ ట్యాబ్ వరకూ వెళ్ళి, ఆ కనెక్షన్‌కు సఫిక్స్ రాయండి. పదిమంది ల్యాప్‌టాప్‌లలో చేయవలసి వస్తే పవర్‌షెల్‌లో సెట్-వీపీఎన్‌కనెక్షన్ కమాండ్‌కు డీఎన్ఎస్‌సఫిక్స్ పారామీటర్ జోడించడం తేలిక. ఇవేవీ వద్దనుకుంటే షార్ట్‌కట్లలోనూ, మ్యాప్ చేసిన డ్రైవ్‌లలోనూ పూర్తి పేరు వాడండి. నా మటుకు నేను పూర్తి పేరునే వాడమంటాను.

ఐదవ మెట్టు: డీఎన్ఎస్ సరైనదే, కానీ ప్రశ్న వేరొకరికి వెళుతోంది

వీపీఎన్ కలిశాక ల్యాప్‌టాప్‌కు రెండు నెట్‌వర్క్‌లు ఉంటాయి. వైఫై వైపు రూటర్ ఇచ్చిన డీఎన్ఎస్ ఒకటి, వీపీఎన్ వైపు ఆఫీసు డీఎన్ఎస్ ఒకటి. సర్వర్1 ఎక్కడని ఇంటి రూటర్‌ను అడగడం పొరుగూరి పోస్ట్‌మాన్‌ను మన వీధిలోని ఇంటి గుర్తులు అడగడం లాంటిది. తెలియదనే చెబుతాడు, అది అబద్ధమూ కాదు. అందుకే ముందు ఎవరిని అడుగుతోందో తేల్చుకోవాలి.

ఎన్ఎస్‌లుకప్ సర్వర్1.ఆఫీస్.ఇంటర్నల్ అని ఇవ్వండి. మొదటి రెండు వరసలలో ఏ సర్వర్‌ను అడిగిందో దాని అడ్రస్ ఉంటుంది. తర్వాత అదే కమాండ్ చివర ఖాళీ విడిచి 192.168.20.5 చేర్చి మళ్ళీ ఇవ్వండి. రెండవది జవాబిచ్చి, మొదటిది ‘నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్’ అంటే లోపం ఏ డీఎన్ఎస్‌ను ముందు అడగాలన్న వరుసక్రమంలో ఉంది. రెండవదీ టైమ్ అవుట్ అయితే ల్యాప్‌టాప్ నుంచి డీఎన్ఎస్ సర్వర్‌కు 53వ పోర్టులో దారి లేదు. అప్పుడు రిమోట్ యాక్సెస్ సర్వర్‌లోని ఫిల్టర్లు, డీఎన్ఎస్ సర్వర్ ఫైర్‌వాల్ చూడండి. రెండవది కూడా పేరు లేదంటే డీఎన్ఎస్ జోన్‌లో (ఆ డొమైన్ పేర్ల జాబితాలో) ఆ రికార్డే లేదు.

మొదటి వరసలలో ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడవైన అడ్రస్ కనిపిస్తే అది రూటర్ లేదా మొబైల్ హాట్‌స్పాట్ ఇచ్చిన ఐపీవీ6 డీఎన్ఎస్. వీపీఎన్‌లో ఐపీవీ4 మాత్రమే నడుస్తుంటే ఈ ఐపీవీ6 దారి పక్కనే తెరిచి ఉంటుంది, ప్రశ్నలు అటు వెళ్ళిపోతాయి. బ్రాడ్‌బ్యాండ్‌లో బాగా నడిచి, ఫోన్ హాట్‌స్పాట్‌లో మాత్రం పేరు దొరకడం లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు దీన్నే అనుమానించండి.

ఎన్ఎస్‌లుకప్‌కు ఒక పరిమితి ఉంది. అది హోస్ట్స్ ఫైలునూ, ఏ డొమైన్ పేర్లకు ఏ డీఎన్ఎస్‌ను అడగాలో చెప్పే, కింద వివరించబోయే ఎన్ఆర్‌పీటీ నియమాలనూ పట్టించుకోదు. కాబట్టి ఎన్ఎస్‌లుకప్ విఫలమై, పింగ్ పనిచేయడం సాధ్యమే. పవర్‌షెల్‌లోని రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్ మాత్రం విండోస్ నిజంగా అనుసరించే దారినే అనుసరిస్తుంది.

సరిచేయడానికి మూడు దారులున్నాయి. వీపీఎన్ ఐపీవీ4 అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో రిమోట్ నెట్‌వర్క్ గేట్‌వేను వాడమన్న టిక్ పెడితే అన్నీ ఆఫీసు మీదుగానే పోతాయి. పేర్లు దొరుకుతాయి, కానీ ఉద్యోగి చూసే వీడియోల బరువు కూడా ఆఫీసు లైను మీదే పడుతుంది. రెండవది, అక్కడే ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి వైఫై కంటే తక్కువ సంఖ్య రాయడం. మెట్రిక్ తక్కువగా ఉన్న అడాప్టర్‌కే మొదటి ప్రాధాన్యం. మూడవది, నాకు నచ్చినది, ఎన్ఆర్‌పీటీ. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి యాడ్-డీఎన్ఎస్‌క్లయింట్‌ఎన్ఆర్‌పీటీరూల్ కమాండ్‌తో ‘.ఆఫీస్.ఇంటర్నల్’ అన్న నేమ్‌స్పేస్‌కు 192.168.20.5ను నేమ్‌సర్వర్‌గా రాస్తే, ఆ డొమైన్ పేర్ల ప్రశ్నలు మాత్రమే ఆఫీసుకు వెళతాయి, మిగిలినవి యథాప్రకారం ఇంటి రూటర్‌కు వెళతాయి. నేమ్‌స్పేస్ ముందు ఉన్న చుక్కను మరవకండి. అది లేకపోతే ఆ ఒక్క పేరుకు తప్ప దాని కింది పేర్లకు నియమం వర్తించదు.

చేయకూడనిది ఒకటి ఉంది. ఆఫీసు డీఎన్ఎస్ మొదట, 8.8.8.8 రెండవది అని రాసి, మొదటిదానికి తెలియకపోతే రెండవదాన్ని అడుగుతుందిలే అనుకోవడం. రెండవ డీఎన్ఎస్‌ను అడిగేది మొదటిది పలకనప్పుడే. పేరు లేదన్నది కూడా జవాబే. ఒక్కసారి మొదటిది ఆలస్యమై రెండవదానికి మారితే, బయటి డీఎన్ఎస్ సర్వర్1 లేనే లేదని చెబుతుంది, విండోస్ ఆ మాట నమ్మి కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఏ మార్పు చేసినా ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ ఇచ్చాకే మళ్ళీ పరీక్షించండి.

ఇల్లు, ఆఫీసు ఒకే నంబర్లలో ఉంటే

ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1.0 లేదా 192.168.0.0 అయితే, ఇంటి రూటర్ కూడా అవే నంబర్లు ఇచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆఫీసు డీఎన్ఎస్ 192.168.1.5 అయితే ల్యాప్‌టాప్ దాన్ని ఇంట్లోనే వెతుకుతుంది. చూడటానికి పేరు సమస్యలాగే ఉంటుంది, నిజానికి దారి సమస్య. ఇంటి రూటర్‌ను మార్చడం తాత్కాలిక ఉపశమనమే, రేపు ఇంకొకరి ఇంట్లో అదే వస్తుంది. ఆఫీసు నంబర్లను అరుదైన శ్రేణికి మార్చడమే శాశ్వత మార్గం.

పాత యంత్రాలు, నెట్‌బయాస్ పేర్లు

నెట్‌బయాస్ పేరు 15 అక్షరాలకు మించదు. విన్స్ లేని చోట అది బ్రాడ్‌కాస్ట్ (నెట్‌వర్క్‌లోని అందరినీ ఒకేసారి అడగడం) మీద ఆధారపడుతుంది. చుట్టుపక్కల కంప్యూటర్లనే పేరు అడిగే ఎల్ఎల్ఎంఎన్ఆర్ కూడా అదే బాపతు, మల్టీకాస్ట్ మీద ఆధారపడుతుంది. ఇవి రూటర్ దాటవు కాబట్టి డయల్-ఇన్ కంప్యూటర్‌కు మామూలుగా పనికిరావు. ‘నెట్‌వర్క్’ ఫోల్డర్‌లో ఆఫీసు కంప్యూటర్లు కనిపించడం లేదన్నది విడి విషయం, పేరు దొరకకపోవడంతో దానికి సంబంధం లేదు. ఆ జాబితాను తయారుచేసే పాత బ్రౌజర్ సర్వీసు, ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ1 మీద నడిచేది, 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1 మామూలుగా ఇన్‌స్టాల్ కావడం లేదు. జాబితా కోసం దాన్ని మళ్ళీ ఎక్కించకండి. ఏదైనా పాత సాఫ్ట్‌వేర్ నెట్‌బయాస్ పేరే కావాలంటే ల్యాప్‌టాప్‌లో ఎల్ఎంహోస్ట్స్ ఫైలులో ఒక్క వరస రాసి, చివర #పీఆర్ఈ చేర్చి, ఎన్‌బీటీస్టాట్ -ఆర్ ఇవ్వండి, ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం. హోస్ట్స్ అయినా ఎల్ఎంహోస్ట్స్ అయినా కొత్త ఫైలుగా సేవ్ చేస్తే నోట్‌ప్యాడ్ చివర .టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే అది మీకు కనబడదు కూడా.

ఆఫీసులో ఉన్నవారికే పేరు దొరకకపోతే

రిమోట్ యాక్సెస్‌ను డొమైన్ కంట్రోలర్ మీదే పెట్టిన చిన్న ఆఫీసుల్లో ఒక చిత్రమైన లోపం వస్తుంది. పొద్దున అంతా బాగుంటుంది. ఇంటి నుంచి ఒకరు వీపీఎన్ కలపగానే ఆఫీసులో కూర్చున్నవారికి లాగిన్ నెమ్మదిస్తుంది, షేర్లు తెరుచుకోవు. మొదటి కాల్ రాగానే సర్వర్ ఇంటర్నల్ ఇంటర్‌ఫేస్‌కు ఒక అడ్రస్ వస్తుంది, సర్వర్ ఆ అడ్రస్‌ను కూడా తన పేరు మీద డీఎన్ఎస్‌లోనూ, విన్స్‌లోనూ నమోదు చేసుకుంటుంది. డీఎన్ఎస్ కన్సోల్‌లో సర్వర్ పేరుకు రెండు ‘ఏ’ రికార్డులు (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే రికార్డులు) కనిపిస్తే నిర్ధారణ అయినట్లే. రిజిస్ట్రీలో రిమోట్‌యాక్సెస్ పారామీటర్స్ కింద ఐపీలో డిసేబుల్‌నెట్‌బయాస్‌ఓవర్‌టీసీపీఐపీ విలువను 1గా, డీఎన్ఎస్ పారామీటర్స్‌లో పబ్లిష్‌అడ్రసెస్‌కు సర్వర్ అసలు అడ్రస్‌ను, నెట్‌లాగాన్ పారామీటర్స్‌లో రిజిస్టర్‌డీఎన్ఎస్‌ఏరికార్డ్స్‌ను 0గా పెట్టి, డొమైన్ పేరుకు ‘ఏ’ రికార్డును చేత్తో రాయాలి. తప్పుడు రికార్డును తొలగించి ఆ సర్వీసులను రీస్టార్ట్ చేయాలి. రిజిస్ట్రీని ముట్టుకునే ముందు దాని కాపీ తీసి పెట్టుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. వీలుంటే రిమోట్ యాక్సెస్‌ను వేరే యంత్రం మీదికి మార్చేయండి, ఈ తంటా అంతా ఉండదు.

ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్‌ను పేరుతో పిలవాలంటే

ఉద్యోగి ల్యాప్‌టాప్‌కు ఆఫీసు నుంచి రిమోట్ సహాయం చేయాలనుకున్నప్పుడు పేరు నిన్నటి అడ్రస్‌ను చూపిస్తుంది. ఆ అడ్రస్ ఈరోజు వేరొకరి ల్యాప్‌టాప్‌కు వెళ్ళి ఉంటే, మీరు ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలుకుతారు. ‘టార్గెట్ అకౌంట్ నేమ్ ఇన్‌కరెక్ట్’ అన్న ఎర్రర్ వచ్చిందంటే చాలావరకు ఇదే కారణం. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ కలిసి ఉండగా ఐపీకాన్ఫిగ్ /రిజిస్టర్‌డీఎన్ఎస్ ఇప్పించి, డీఎన్ఎస్ కన్సోల్‌లో రికార్డు మారిందో లేదో చూడండి. మారకపోతే వీపీఎన్ ఐపీవీ4 డీఎన్ఎస్ ట్యాబ్‌లో ఈ కనెక్షన్ అడ్రస్‌ను నమోదు చేయమన్న టిక్ లేదేమో చూసి పెట్టండి. పాత రికార్డులు వాటంతట అవే పోవాలంటే డీఎన్ఎస్ సర్వర్‌లోనూ, జోన్‌లోనూ స్కావెంజింగ్‌ను విడివిడిగా ఆన్ చేయాలి. మామూలుగా ఉండే గడువు 7 రోజులు, ఆపై మరో 7 రోజులు. రోజూ అడ్రస్ మారే డయల్-ఇన్ కంప్యూటర్లకు అది చాలా ఎక్కువ. అయితే డొమైన్ జోన్ అంతటికీ గడువు తగ్గిస్తే సెలవు మీద వెళ్ళినవారి యంత్రాల రికార్డులు కూడా పోతాయి. కాబట్టి ఎవరికి సహాయం చేయాలో వారిని ఫోన్లో పిలిచి, ఐపీకాన్ఫిగ్ ఇప్పించి, వారు చదివిన అడ్రస్‌తోనే నేరుగా కలవడం చాలా సందర్భాల్లో తక్కువ శ్రమ.